రెండో పెట్టె రక్తం

సి.ఐ. ఓబుళరెడ్డి నన్ను చూడగానే గోడ గడియారం వైపు చూశాడు. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై.

"ఇంకా నాలుగు గంటలుండాది హబీబుల్లా," అన్నాడు. "పొద్దు గుంకినాక ఆడమనిషిని అరెస్టు చెయ్యగూడదని రూలు. అయిదున్నరకు అరెస్టు చూపిస్తా. ఆ లోపల నువ్వేం పీక్కుంటావో పీక్కో."

ఆయనకు నా మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం ఉంది. నా బతుకుదెరువు ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళు. అక్కడ పోయినవి వెతికి పెడతాను. పోయిన ఏడాది ఒక అంగట్లో గొలుసులు పోతే ఆయన గుమాస్తాను పట్టుకుని లోపలేశాడు. దొంగ ఓనరు బావమరిదేనని నేను తేల్చాను. నెల తిరక్కుండా ఆయన్ని జమ్మలమడుగుకు మార్చారు. ఆ మంట ఇంకా ఆరలేదు.

ఈసారి పోయింది బంగారం కాదు. చింతమానుపల్లె పిల్ల వేదశ్రీ, పంతొమ్మిదేళ్ళది, డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. గురువారం జ్వరం వచ్చింది. శనివారం ఊళ్ళో ఆరోగ్య ఉపకేంద్రం దగ్గర పెట్టిన జ్వరాల క్యాంపులో రక్తం ఇచ్చింది. ఆ రోజు మాపున నర్సమ్మ మాధవి ఇంటికొచ్చి డెంగీ లేదని చెప్పి వెళ్ళింది. మంగళవారం తెల్లవారుజామున ఆ పిల్ల కడప ఆసుపత్రిలో చచ్చిపోయింది. చచ్చిపోయింది డెంగీతోనే. ఊరంతా కదిలి ఉపకేంద్రం తలుపులు విరగ్గొట్టింది. ఇవాళ పొద్దున ఏడింటికి మాధవిని విచారణకని స్టేషన్‌కు తెచ్చారు. ఎనిమిదింటికి పులివెందుల నుంచి ఆమె అక్క సుశీల నాకు ఫోన్ చేసి ఏడ్చింది. అంతకు మించి నాకు అప్పటికి ఏమీ తెలియదు.

ఓబుళరెడ్డి బల్ల మీద ప్రొద్దుటూరు ల్యాబు నుంచి తెప్పించిన నలభై ప్లాస్టిక్ కార్డులు పరిచాడు. ఒక్కొక్కటి ఆధార్ కార్డంత ఉంది. ఒక చివర చిన్న కన్నం, దాని నుంచి వెంట్రుకంత సన్నటి కాలువలు మూడు. కన్నం దగ్గర వేలి మీది రక్తపు చుక్క పెడితే అది కాలువల్లో తనంతట తనే పాకుతుంది. ఎర్రది వెనక ఆగిపోతుంది, లేతపసుపు నీరు మాత్రం అవతలి చివరనున్న తెల్ల కాగితపు బిళ్ళలోకి చేరుతుంది. ఆ బిళ్ళను కత్తిరించి ల్యాబులో పరీక్ష చేస్తారు. రక్తాన్ని గిరగిరా తిప్పే మిషనూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. ముప్పై రూపాయల కార్డు. ప్రొద్దుటూరులో ల్యాబు నడిపే అనంతపద్మనాభం వీటిని ఊళ్ళలో వాడి చూసే పని నెత్తికెత్తుకున్నాడు.

"మొదటి ఇరవై సక్కగుండాయి," అన్నాడు ఓబుళరెడ్డి. "అందులో నలుగురికి డెంగీ అని తేలి ఆసుపత్రికి పోయినారు, బతికినారు. ఇరవై ఒకటి నుంచి నలభై దాకా ఉండాయే, వాటిల్లో ఉండేదంతా ఒకే గ్రూపు, బి నెగటివ్. పొద్దున్నే కడప నుంచి రిపోర్టొచ్చింది. వరసగా ఇరవై మందికి బి నెగటివా? మా తాతను లేపి అడిగినా నమ్మడు. ఎండకు ఇసుగుపుట్టి, ఎవరిదో ఒకరి రక్తం ఇరవై కార్డుల్లోనూ పోసేసింది. రిజిస్టర్లో సంతకం ఆమెది. సూది పట్టిండేది ఆమె ఒకతే. ఇంకేం కావాలప్పా నీకు?"

నిజం చెప్పాలంటే ఆయన చెప్పినదాంట్లో సగం కాదనడానికి లేదు. ఆ ఇరవై కార్డులూ దొంగ కార్డులే.

మాధవి లోపలి గదిలో బెంచీ మీద కూర్చుని ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. పక్కన మహిళా కానిస్టేబుల్. ముందున్న టీ మీద మీగడ కట్టింది.

"క్యాంపు ఎన్నింటికి మొదలైంది?" అన్నాను.

"పదికి. మొదటి పెట్టె పదకొండున్నరకు అయిపాయ."

"పెట్టెకు ఎన్ని?"

"ఇరవై."

"రెండో పెట్టె యాడుండె?"

"అనంతపద్మనాభం సారు కారు డిక్కీలో. ఎండలో నిలబెట్టింటిరి. తీసి చేతికిస్తే కాలతాండె అన్నా. కార్డులు మెత్తబడింటే, సార్ ఇట్లుండాయేంది అంటి. ఏం గాదులే, కానీమ్మా అన్నాడు."

"రక్తం పాకిందా?"

"యాడ పాకె? నోటికాడే నిలబడిపాయ. ఇరవైకి ఇరవై. చెప్పినా. మూతలేసి ఇయ్యి, ల్యాబులో నేను చూసుకుంటా అన్నాడు. మాపున ఫోన్లో నంబర్లు పంపిచ్చినాడు. రెండో పెట్టెలో ఒక్కరికీ డెంగీ లేదని. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చినా."

"ఇదంతా పోలీసులకు చెప్పినావా?"

"మూడు మాట్లు చెప్పినా. రాసుకోలేదు." ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది. "నలభై వేళ్ళూ పొడిచినా అన్నా. ఒక్కరిని కూడా వదల్లేదు. ఆ పిల్లకు డెంగీ లేదని ఈ నోటితోనే చెప్పినా. అన్నం తింటాంటే ఆ మాటే గొంతులో అడ్డంపడతాంది."

నేను నమ్మాను. కానీ నా నమ్మకాన్ని కోర్టులో ఎవరు అడుగుతారు?

బల్ల దగ్గరికి వచ్చి జేబులోంచి భూతద్దం తీశాను. కమ్మల మీద అతుకు ఎక్కడ పడిందో వెతికే అద్దం అది. ఒకటో కార్డు నుంచి మొదలుపెట్టి నలభై దాకా ఒక్కొక్కటీ చూశాను. ఓబుళరెడ్డి పళ్ళు కుట్టుకుంటూ నిలబడ్డాడు. పది నిమిషాలు పట్టింది.

"మొదటి ఇరవై కార్డుల కన్నం చుట్టూ చూడండి," అన్నాను. "ఎర్రటి మరకలు. మరకల్లో వేలిగీతలు. కొన్నిటికి మట్టి, ఒకదానికి సున్నం. ఆమె ఏం చేసిందంటే, వేలు పొడిచి, ఆ వేలినే కార్డు మీద అద్దించింది. పల్లెలో నర్సమ్మలు చేసే పద్ధతే అది."

"అయితే?"

"రెండో ఇరవై చూడండి. కన్నం చుట్టూ ఒక్క మరక లేదు, వేలిగీత లేదు. చుక్క కొలిచినట్టు కన్నంలోనే పడింది. ఎవరో డ్రాపర్‌తో వేసినారు. చెయ్యి ఒణకని మనిషి."

"శేతులు కడుక్కోని వచ్చింటారు."

"ఇరవై మందీ మాట్లాడుకుని ఒకేసారి కడుక్కున్నారా సార్? ఆ మధ్యాహ్నం ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు కూడా రాలేదంట."

కానిస్టేబుల్ అన్సర్ నవ్వు ఆపుకోవడానికి అవతలికి తిరిగాడు. ఓబుళరెడ్డి మెడ మీద నరం పొంగింది. "డ్రాపరు పది రూపాయలకు మందులంగట్లో దొరుకుతాది. ఆమె కొనలేదా?"

అది మంచి ప్రశ్నే. ఇంకొకటి కూడా కనిపించింది గానీ ఏమిటో అర్థం కాలేదు. కార్డు మధ్యలో సన్నటి నల్లగీత ఉంది. మొదటి ఇరవైలో ఎర్రది ఆ గీతకు ఇవతలే ఆగి ఎండిపోయింది. రెండో ఇరవైలో గీత దాటి, బిళ్ళ కత్తిరించిన చోటు దాకా పాకింది. ఇరవైకి ఇరవై అంతే.

"ప్రొద్దుటూరు పోయొస్తా," అన్నాను.

"ఒక్కడివే పోతే సాక్ష్యాలు తారుమారు చేస్తావు. నేనూ వస్తా," అన్నాడాయన. ఇద్దరం ఆయన జీపులోనే బయల్దేరాం.

ల్యాబుకు చేరేసరికి రెండూ నలభై అయింది. అనంతపద్మనాభం యాభై దాటినవాడు, నుదుట గంధపు బొట్టు, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా. గది అద్దంలా ఉంది. ర్యాకులో రక్తం ట్యూబులు మూతల రంగుల వారీగా నిలబడి ఉన్నాయి. గోడ మీద ఏవో సర్టిఫికెట్లు. ఆయన మమ్మల్ని కూర్చోమని మంచినీళ్ళు ఇచ్చాడు. వేదశ్రీ పేరెత్తగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు దొంగనీళ్ళు కావు. అది చూసి నేను ఇంకా దిగులుపడ్డాను.

దోషిని నిలదీస్తే నోరు మూసుకుంటాడు. తాను పెంచిన బిడ్డ గురించి అడిగితే ఎవడైనా నోరు విప్పుతాడు. నేను కార్డు గురించి అడిగాను.

"సామీ, నేను బంగారం మనిషిని. నాకు తెలియక అడుగుతాను. రక్తం ఈ నల్లగీత దాకా వచ్చి నిలబడిపోతుంది కదా, ఎట్లా?"

ఆయన మొహం వెలిగింది. "అదేనండి ఇందులో తెలివి. వేలి రక్తం పది నిమిషాల్లో గడ్డకడుతుంది. ఆ పది నిమిషాల్లో అది పాకే దూరం లెక్కేసి కాలువ గీశారు. పసుపు నీరు ముందుకు వెళ్ళిపోతుంది, ఎర్రది గీత దగ్గర గడ్డకట్టి తనకు తానే తలుపు మూసుకుంటుంది. మందు వేసి ఆపొచ్చు, కానీ కార్డు ధర పెరుగుతుంది. కూలి మనిషికి అందదు."

"గీత దాటి పోవడమనేది ఉండదా?"

"ఉండదండి. గడ్డకట్టినాక ఎట్లా పోతుంది?"

"ఒకవేళ పోయిందనుకోండి."

"అప్పుడది గడ్డకట్టని రక్తమై ఉండాలి. ఇదిగో, ఈ ఊదామూత ట్యూబులో తీసినదైతే, ఇందులో మందుంటుంది కాబట్టి..."

ఆయన చెయ్యి ర్యాకు మీదే ఆగిపోయింది.

"ఇరవై కార్డుల్లో పోయింది సామీ," అన్నాను. "శనివారం మీరు బిళ్ళలు కత్తిరించేటప్పుడు గీత దగ్గరే ఉండుంటుంది. మూతేసి పెట్టినాక రాత్రంతా పాకింది. మీరు మళ్ళీ తెరిచి చూడలేదు."

ఓబుళరెడ్డి కుర్చీలో ముందుకు వంగాడు. నేను లేచి అలమర తెరిచాను. కార్డుల పెట్టెలు వరుసగా ఉన్నాయి. తలుపు లోపల అంటించిన కాగితం మీద ఆయన చేత్తోనే రాసుకున్నాడు, వచ్చినవి పది పెట్టెలని. క్యాంపుకు రెండు పోయాయి. ఎనిమిది ఉండాలి. నేను రెండుసార్లు చూశాను, ఏడే ఉన్నాయి.

"ఇంకో పెట్టె యాడుండాది?" అన్నాడు ఓబుళరెడ్డి. గొంతు మారింది. ఆయన మొండివాడే గానీ మొద్దు కాదు.

నా చూపు అప్పుడు గోడ మీదికి పోయింది. నలభై ఒక్కసార్లు రక్తం ఇచ్చినందుకు అనంతపద్మనాభానికి ఇచ్చిన ప్రశంసాపత్రం ఒకటి అక్కడుంది. పేరు కింద గ్రూపు కూడా పెద్ద అక్షరాలతో రాశారు. బి నెగటివ్.

"మీ రక్తమే పోసినారా?" నాకు నిజంగానే అర్థం కాలేదు. "ఇంత పెద్ద ల్యాబులో ఇంతమంది రక్తముంటే, మీదే ఎందుకు?"

"పరాయివాళ్ళ రక్తం వాళ్ళకు చెప్పకుండా ఎట్లా వాడతానండి?" అన్నాడాయన. "అది తప్పు కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళుగా దొంగల్ని చూస్తున్నాను. ఇంత పద్ధతిగా, ఇంత మర్యాదగా పాపం చేసినవాణ్ణి మాత్రం చూడలేదు. ఊదామూత ట్యూబు తీసుకోవడం కూడా అంతే. ల్యాబు మనిషి చెయ్యి అలవాటుగా దాని మీదికే పోతుంది. పల్లె నర్సు దగ్గర సూదులు తప్ప ఆ ట్యూబు ఒక్కటి కూడా ఉండదు.

ఆ తర్వాత ఆయన దాచలేదు. డిక్కీ వేడికి కార్డుల పొరల మధ్య జిగురు కరిగి కాలువలు మూసుకుపోయాయి. ఇరవై కార్డులూ పాడయ్యాయని రాస్తే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది, కార్డు మూలపడుతుంది. వచ్చే విడతలో జిగురు మారుస్తారు, అప్పుడంతా సర్దుకుంటుంది అనుకున్నాడు. "ఈ కార్డు వస్తే పల్లెల్లో ఎన్ని ప్రాణాలు నిలబడేవో మీకు తెలియదండి," అన్నాడు. "జ్వరాలన్నీ డెంగీలు కావు కదా అనుకున్నాను. మొదటి పెట్టెలో కూడా నలుగురే కదా అనుకున్నాను."

"అనుకున్నావు," అన్నాడు ఓబుళరెడ్డి లేస్తూ. "అనుకోని ఒక పిల్లను సంపినావు, ఇంకో ఆడమనిషిని జైలుకు పంపిచ్చబోయినావు. లెయ్, పదా." నా వైపు తిరిగాడు. "సరేలేప్పా. ఈసారీ నీదే గెలుపు. పొయ్యి ఆమె అక్కకు చెప్పుకోపో."

నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఎందుకో ఆ 'నలుగురే కదా' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇరవై మందిలో నలుగురు. రెండో ఇరవై మందిలో వేదశ్రీ ఒక్కతే ఎందుకవుతుంది?

"ఆ ఇరవై మంది అసలు రక్తం యాడుంది?" అన్నాను.

"రక్తం అంటిన చెత్త వేసే పసుపు సంచిలో వేశాను. సోమవారం బండొచ్చి తీసుకుపోయింది. కాల్చేసి ఉంటారు."

"అంటే మిగిలిన పంతొమ్మిది మందికి పరీక్షే జరగలేదు. జరిగిందనుకుని, ఏం లేదని ధైర్యంగా ఇళ్ళల్లో పడుకుని ఉన్నారు. ఇవాళ అయిదో రోజు. ఎవరు వాళ్ళు?"

"నాకు నంబర్లే తెలుసండి. పేర్లు మాధవి రిజిస్టర్‌లో ఉంటాయి."

నేను ఓబుళరెడ్డి వైపు చూశాను. ఆయన మొహంలో రక్తం లేదు.

"రిజిస్టరు సీలేసి పన్నెండింటికి కోర్టుకు పంపిచ్చినా," అన్నాడు మెల్లగా. "బయటికి తీయాలంటే పిటిషనెయ్యాల. రేపు గాని..."

ఆయనే ఫోన్ తీసి స్టేషన్‌కు కలిపాడు. అన్సర్‌ను పిలిచి, మాధవి చేతికి ఫోనివ్వమన్నాడు. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. నేను ఆమెకు నాలుగు ముక్కల్లో చెప్పాను.

"రిజిస్టర్ ఎందుకన్నా," అంది మాధవి. "నా ఊరు నాకు తెల్దా? రాసుకోండి."

ఓబుళరెడ్డి ల్యాబు చీటీ ఒకటి లాక్కుని పెన్ను తీశాడు. పొద్దున మూడుసార్లు ఆమె చెప్పినా రాసుకోని చేత్తోనే రాయడం మొదలుపెట్టాడు.

"ముందొక మాట. జ్వరం కాలతా ఉండేవాళ్ళ ఇంటికి కాదు, జ్వరం తగ్గినోళ్ళ ఇంటికి ముందు పోండి. ఈ రోగం మోసమంతా ఆడే ఉండాది. ఒళ్ళు సల్లబడితే తగ్గిపాయలే అనుకుంటారు. లోపల రక్తం కారిపోతాంటాది. వేదశ్రీకి సోమవారం ఒళ్ళు సల్లబడితే మేమంతా సంతోషపడితిమి. ఇరవై ఒకటి, వలి బాషా, మసీదు పక్కిల్లు. ఇరవై రెండు ఆయన కోడలు, ఏడోనెల కడుపుతో ఉండాది, ముందు ఆ పిల్లను చూడండి. ఇరవై మూడు, రేషనంగడి నారాయణ. ఇరవై నాలుగు..."

ఒక్క పేరు దగ్గర కూడా తడుముకోలేదు. ఏ వీధి, ఎవరి కొడుకు, ఎన్నాళ్ళ జ్వరం, అన్నీ చెప్పింది. ఓబుళరెడ్డి రాస్తూనే రెండో ఫోన్‌లో అంబులెన్సులు పురమాయించాడు. అనంతపద్మనాభం గోడకు చేరగిలబడి, ఒక్కో పేరూ వింటూ కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఒకటి దగ్గర ఆమె ఆగలేదు. 'వేదశ్రీ' అని చెప్పి తర్వాతి నంబరుకు పోయింది.

"ముప్పై నాలుగు, భారతమ్మ, కొట్టాల వీధి. ముప్పై అయిదు, ఆమె మొగుడు. ముప్పై ఆరు..."

"ముప్పై ఆరు?" అన్నాడు ఓబుళరెడ్డి.

"మా పావని," అంది మాధవి.

ఎవరని అడిగితే చెప్పింది. పావని ఆమె కూతురు. పదకొండేళ్ళది. శనివారం పొద్దున్నే ఒళ్ళు కాలితే, క్యాంపులోనే తన చేత్తో వేలు పొడిచింది. లేదని నంబరు రాగానే, ఊరు తిరిగే పనికి అడ్డం లేకుండా ఆదివారం పులివెందులలో అక్క దగ్గర వదిలి వచ్చింది.

"నా ఫోను పొద్దున్నే గుంజుకున్నారన్నా," అంది. "నేను దాంతో మాట్లాడలేదు."

నా ఫోన్ తీసి సుశీల నంబరు నొక్కాను. అదీ స్పీకర్ పెట్టి, మొదటి ఫోన్ పక్కనే ఉంచాను. మూడు రింగులకు ఎత్తింది.

"హబీబన్నా, మా చెల్లెల్ని ఇడిసిపెట్టినారా?"

"ఇడిసిపెడతారమ్మా. పావని ఎట్లుంది?"

"దానికేమన్నా, జ్వరం తెల్లారేసరికి తగ్గిపాయ! ఒళ్ళు సల్లగుండాది. నిన్నంతా కడుపునొప్పి, కడుపునొప్పి అని సంపింది. ఇప్పుడు గమ్మున పండుకోనుంది. మాధవికి ఆ మాట చెప్పన్నా, సంతోషపడతాది."

జమ్మలమడుగు ఫోన్‌లోంచి మాధవి గొంతు వినిపించింది, చాలా నిదానంగా.

"అక్కా. దాన్ని లేపు."

"నువ్వేనా మాధవీ? ఎందుకే, ఇప్పుడే గదా నిద్ర..."

"లేపక్కా."

పులివెందుల ఇంట్లో సుశీల చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు. "పావనీ," అని పిలిచింది. కాసేపాగి "పావనీ, అమ్మ మాట్లాడతాందే," అంది. మూడోసారి పిలిచేటప్పటికి ఆమె గొంతు మారిపోయింది.